హామీదారు

చిత్తూరు కోర్టు గేటు పక్కన
ముప్పై ఏండ్లుగా నా టైపు మిషను
భూముల గొడవలే కొడతా వచ్చింది.
భాగపరిష్కారాలు, తనఖాలు,
బావిలో ఆరో వంతు నీళ్ళ హక్కు.

ఈ పొద్దు దేశమ్మ వచ్చింది.
గోళ్ళ సందుల్లో గుజ్జు ఫ్యాక్టరీ తోతాపురి పసుపు.
వెనక కూతురు మోనిష,
నూటయాభైమూడు సెంటీమీటర్లు,
కావాల్సిన దానికంటే ఒక్కటే ఎక్కువ.

"ఇంజనీరింగుకి ఏడాదికి లక్ష అడిగినారు సామీ.
ఈ మిలట్రీవాళ్ళేమో ఎదురు డబ్బులిచ్చి చదివిస్తారంట.
ఎట్లా నమ్మేది?"

కాగితం నమ్మిస్తుంది. దాని పనే అది.
మూడేండ్లు డిగ్రీ, ఆపైన ఏడాది కవాతు,
బూట్లు, బువ్వ, పుస్తకాలు సర్కారువి.
నడుమ వదిలేసి వస్తే
వారానికింత అని లెక్కగట్టి తల్లి కట్టాలి.
శిక్షణలో ఏమన్నా అయితే
తల్లి ఏమీ అడగకూడదు.

ఆ చివరి షరతు చదివేటప్పుడు
నా గొంతు దానంతటదే తగ్గింది.

"ఇందులో మేం కుదవబెట్టేది ఏంది?" అంది.
తనఖా అయితే నాలుగు దిక్కులా హద్దులు రాస్తాను.
దీనికి తూర్పేది, పడమరేది?

మోనిషే చెప్పింది:
"నన్నే మా.
విడిపించుకునేదీ నేనే."

దేశమ్మ ఏమీ అనలేదు.
వేలిముద్ర డబ్బీ పక్కకు జరిపి పెన్నడిగింది.
మూడక్షరాలు,
మూడు నిమిషాలు,
ఒత్తు దగ్గర కొంచెం చిరిగిన స్టాంపు పేపరు.

నా కూలి నూటయాభై.
వద్దందామని నోటిదాకా వచ్చింది.
ఆ పిల్ల చూపు చూసి
తీసుకున్నాను.