పద్నాలుగో ప్రశ్న

కోషిత్సే ట్రామ్ డిపోలో
డ్రైవర్లు బూట్ల మంచు దులుపుకొనే గది నాకిచ్చారు.
ఒక బల్ల, రెండు కుర్చీలు, సగమే వేడెక్కే హీటరు,
నూట పన్నెండు ప్రశ్నాపత్రాలు.
పెన్సిళ్ళు నేనే తెచ్చుకున్నాను.

పద్నాలుగో ప్రశ్న ఇది:
పని బరువు మోయలేననిపించినప్పుడు
తోటివాళ్ళ సాయం ఎంత తరచుగా అడుగుతారు?
ఒకటి అంటే అసలు అడగను. ఐదు అంటే ప్రతిసారీ.

బ్లాజెయ్ ఒకటి చుట్టాడు.
వెందెలీన్ ఒకటి చుట్టి
ములుకు విరిగేదాకా దాని మీదే మళ్ళీ చుట్టాడు.
ఒతీలియా, "అడుగుతోంది పని గురించేనా, మా ఆయన గురించా?" అని నవ్వి
తనూ ఒకటే చుట్టింది.
పొద్దుగూకేసరికి బల్ల నిండా ఒకట్లు,
కంచె కర్రల్లా.

ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరని
ఫోన్‌లో ప్రొఫెసరుకి చెప్పాను.
"మంచి ఫలితమే" అన్నాడు, "అచ్చుకి పంపొచ్చు."

మూడో రోజు ఆ గదిలో కూర్చోలేక
బ్లాజెయ్ బండెక్కాను, అతని వెనక సీట్లో.
ఎదురు ట్రామ్ వచ్చినప్పుడల్లా
హ్యాండిల్ మీంచి రెండు వేళ్ళు లేస్తాయి.
అవతలి అద్దంలోనూ రెండు వేళ్ళు.
పలకరింపే కదా అని రాసుకోలేదు.

పాత గడ్డిసంత స్టాపు దగ్గర మాత్రం
ఎదురొచ్చిన మార్గిత వేళ్ళెత్తలేదు.
గంట కొట్టింది. ఒక్కసారి.
పట్టాల మీద మనిషి లేడు. కుక్క కూడా లేదు.
బ్లాజెయ్ భుజాలు కిందికి దిగాయి.
అద్దం మీద అరచేయంత ఆవిరి.

సాక్సు పిండుకుంటూ ఒతీలియా చెప్పింది.
నవంబరులో అక్కడే
చెవుల్లో పాటలు పెట్టుకుని ఓ కుర్రాడు పట్టాలు దాటాడు.
బ్లాజెయ్ బ్రేకు వేశాడు.
వేయాల్సినప్పుడే వేశాడు. అది చాలలేదు.
కుర్రాడు బతికాడు, కుంటుతాడు.
కంపెనీ మూడు రోజుల సెలవూ ఓ ఫోన్ నంబరూ ఇచ్చింది.
ఆ కాగితం లాకరులో ఉంది, మడత విప్పలేదు.

"మరి గంట?"
"ఎదురొచ్చేది ఎవరమైనా కొడతాం.
అవతల మేం చూశాం, దారి ఖాళీగా ఉంది, రా అని."
"అతను అడిగాడా?"

తుమ్మినవాడు
తనను చిరంజీవ అనమని అడిగాడా అని
నేనేదో అడిగినట్టు చూసింది.

ఆ రాత్రి పత్రాలన్నీ మంచం మీద పరిచాను.
అడగడానికి గడి ఉంది. అందడానికి గడి ఉంది.
అడక్కముందే తెలిసిపోవడానికి లేదు.
వెందెలీన్ భార్య వెళ్ళిపోయిన వారమంతా
అతని తెల్లవారుజాము డ్యూటీల్లో వేరే పేర్లు, వేరే చేతిరాతలు.
బోర్డు మీద అందరూ చదివారు, నోరెత్తలేదు.

ఎంత ముచ్చటగా ఉందో అని మురిసిపోబోతుంటే
తొంభై ఏడో పత్రం చేతికొచ్చింది.
మిరోస్లావా. ఉజ్‌హొరొద్ నుంచి వచ్చి నాలుగు నెలలు.
పద్నాలుగో ప్రశ్న దగ్గర కాగితం పలచబడింది.
దీపానికి ఎత్తి పట్టుకున్నాను.
నాలుగు చుట్టింది. రబ్బరుతో చెరిపింది.
ఒకటి చుట్టింది.

ఇక్కడ అడక్కుండా తెలియాలంటే
ముందు పదేళ్ళు తెలిసుండాలి.
ఆమెకి ఏ స్టాపు దగ్గర గుండె జారుతుందో
ఈ ఊళ్ళో ఎవరికి తెలుసు?
చెరిపిన నాలుగుని
నా లెక్కలో ఎన్ని అనుకోవాలి?

ప్రొఫెసరు మళ్ళీ ఫోన్ చేశాడు. ఎత్తలేదు.
పత్రం వెనక పెన్సిలుతో రాసుకున్నాను:
మీకోసం ఎవరైనా గంట కొడతారా? ఎక్కడ?
నాకోసం అని కూడా ఆలోచించి
వెంటనే మానేశాను.

పొద్దున్నే ఒతీలియా చెవిన ఒక పేరు వేశాను.
నియమాల ప్రకారం తప్పు.
తను సాక్సు తొడుక్కుంటూనే ఉంది,
విన్నదో లేదో.

తర్వాత వెళ్ళి గడ్డిసంత స్టాపులో నిలబడ్డాను.
మిరోస్లావా బండి మంచులోంచి వచ్చింది.
రెండు వేళ్ళెత్తాను,
డ్రైవరును కాను, ఎదురు బండినీ కాను.
సరిగ్గా అప్పుడే వైపరు అడ్డం తిరిగింది.
అవతల వేళ్ళు లేచాయో లేదో
చెప్పలేను.

ఆ గడి ఖాళీగా వదిలాను.