పరంజా తొర్రలు

టికెట్టు ఆరు యూరోలు. పిల్లలకు మూడు.
నడుముకి తాళంచెవుల గుత్తి, చొక్కాకి పేరు:
ఎర్సీలియా. ముప్పయ్యొక్క ఏళ్లుగా
ఈ మోంతెరావో కోటను
రోజుకి నాలుగుసార్లు నోటితో కడుతున్నాను.
సాయంత్రం తలుపు మూశాక
మళ్లీ ఉత్త రాళ్లు.

రండి, తల వంచండి.
దిడ్డివాకిలి పొట్టిగా ఉందని
కట్టించినవాడు మరుగుజ్జు అనుకోకండి.
వంగి వచ్చినవాడి మెడ
లోపలివాడి కత్తికి సుళువుగా అందుతుంది.

మెట్లు కుడికి తిరుగుతాయి.
పదిహేడోది మాత్రం బెత్తెడు ఎత్తు ఎక్కువ.
చీకట్లో పరిగెత్తే శత్రువు బోర్లా పడాలని.
ఏడొందల ఏళ్లుగా వాడికోసం కాచుక్కూచుని
ఇప్పుడు సెలవులకొచ్చినవాళ్ల మోకాళ్లతో సరిపెట్టుకుంటోంది.
నాకు అలవాటే. అయినా
మా అమ్మ పోయిన వారమంతా
రోజూ దానికే తట్టుకున్నాను.

కోట ఎప్పుడు పడిందని అడుగుతారు.
గోడ పడలేదు.
ముట్టడి ఎనభయ్యో రోజున
రొట్టెలు కాల్చే ఉగుచ్చోనే
రాత్రిపూట దిడ్డిగడియ తీశాడు.
ద్రోహి అని రాతిమీద చెక్కారు, అదిగో, సగం అరిగింది.
లెక్కల పుస్తకంలో ఆ నెల
పిండి పద్దు ఎదురుగా ఏమీ లేదు.
దాన్ని ఎవరూ చెక్కలేదు.

ఇది సభామందిరం.
దొరలు పోయాక ఇందులో పట్టుపురుగులు పెంచారు.
రంగులు వెలిసిన దేవదూతల కింద
వేల పురుగులు మల్బరీ ఆకు నములుతుంటే
కప్పుమీద వాన పడుతున్నట్టుండేదట.
మా నాన్నమ్మ చెప్పేది,
వాన పడ్డప్పుడల్లా.

బయటికి రండి. ఈ పడమటి గోడ చూడండి.
వరసగా చదరపు తొర్రలు.
బాణాలకు కాదు, ఫిరంగులకు కాదు.
పరంజా దూలాలు దూర్చిన చోట్లు.
గోడ లేచినకొద్దీ దూలం ఊడదీసి పై వరసలో దూర్చారు.
తొర్రలు పూడ్చలేదు,
మరమ్మతుకు మళ్లీ వస్తాం కదా అని.
వాళ్లు రాలేదు. రొందోనెలు వచ్చాయి:
కొడవలి రెక్కల నల్లపిట్టలు,
ఎడారి దాటి, సముద్రం దాటి, మే నెల మొదటి వారంలో
ఎవరి తొర్రకు అవి.

ఇక్కడికి టికెట్టు అయిపోయింది.
మిగతాది ఊరికే చెబుతున్నాను.

పోయిన చలికాలం నగరంనుంచి ఇంజనీరు వచ్చాడు.
నలభై రెండు తొర్రలకూ తెల్ల సున్నం కూరించాడు,
ముసలి నోటికి కట్టుడు పళ్లు పెట్టినట్టు.
కూరింది మా ఊరి తాపీమేస్త్రి నెవియోనే.
మే వచ్చింది.
వాటికి ఆగడం తెలియదు. తలుపున్న చోటికి
ఎప్పటి వేగంతోనే వచ్చాయి.

ఆ చప్పుడు గురించి చెప్పను.

రాత్రి పదకొండింటికి నెవియో వచ్చాడు,
సంచిలో ఉలి, సుత్తి, నావైపు చూడని కళ్లు.
దిడ్డిగడియ నేనే తీశాను.
తీస్తుంటే ఉగుచ్చోనే గుర్తొచ్చాడు;
ఆ ఇనుము ఎంత చల్లగా ఉంటుందో
వాడికీ నాకూ తెలుసు.
నేను నిచ్చెన పట్టుకున్నాను, లాంతరు పట్టుకున్నాను,
తెల్లారేలోపు పదకొండు తొర్రలు.
అంతకన్నా మా ఇద్దరి వయసు ఒప్పుకోలేదు.
ఇంజనీరు తరవాత వచ్చి సంతకం పెట్టి వెళ్లాడు.
ఆయన లెక్కపెట్టలేదు. మీరూ పెట్టకండి.

గోడ కింద దొరికిన పిట్టల్లో ఒకటి బతికే ఉంది.
నేలమీద పడితే దానంతటది లేవలేదు,
కాళ్లు ఉన్నాయన్న పేరుకే.
టికెట్ల డబ్బాలో రెండు రోజులుంచి
మూడో పొద్దున బురుజెక్కాను.

కోటకొమ్మల సందుల్లోంచి
కాగే నూనె పోసేవారని పుస్తకాల్లో రాస్తారు.
నూనె అంత చవకా? రాళ్లు వేసేవారు,
ఇసక కాల్చి పోసేవారు, చెత్త పారబోసేవారు.
ఇక్కడినుంచి కిందికి విసిరినది ఏదీ
ఎవరి మంచికోసమూ విసిరింది కాదు.

నేను విసిరాను.
పడింది.
ఇంకా పడింది, అగడ్త దాకా,
ముళ్లపొదల దాకా.
నా చేతులు ఇంకా చాచే ఉన్నాయి,
అది పడటం మానేసినప్పుడు.