పదిహేడు నంబరు

ఐదో జెర్సీ తెచ్చిండు సైలాస్,
ఆరేండ్లల్ల ఐదో జట్టు.
"నంబరు మాత్రం పాతదే కుట్టన్నా."

లాలాగూడ గ్రౌండు గోడ కూలినకాడనే నా మిషను.
సూసిన శానాసార్లు:
కోడిగుడ్డుసొంటి బంతి పైన గిర్రున తిరుగుతుంటది,
ఈయన ఖాళీ మూలకు ఉరుకుతడు
ఇద్దర్ని వెంటేసుకొని.
బంతి ఇంకొకనికి పోతది.
"అది గూడ ఆటనే," అంటడు, చాయ్ ఊదుకుంట.

ఒక్కసారి మాత్రం, మబ్బువట్టిన ఐతారం,
వేలికొసలకు తగిలింది, నిలిచింది.
ప్యాంటు కాలు సగంల ఇడిసి లేచిన నేను.

ఇయ్యాల కుట్లిప్పితే
ఒకటి, ఏడు కింద
బట్ట కొత్తగనే ఉన్నది,
ఎండ తగలని రంగు.
అంకెల అంచు చీకిపోయింది, దారం ఆగుతలేదు.
పైసలు రేపిస్తనన్నడు.
ఎడమ చిటికెన వేలు
ఇంకా వంకరే.