తెల్లరంగు

ఈ ఏడు మా కొండ పేరు టికెట్టు మీద అచ్చయింది.
"డి గేటు, బిరడా తోట."
మా తాత దానికేం పేరు పెట్టలేదు.
కొండ అనేవాడు, అంతే.

నలభై రెండేళ్లు గొడ్డలి పట్టిన చేతిలో
లిస్బన్ కుర్రాళ్లు ఓ చిన్న యంత్రం పెట్టారు.
వచ్చినవాళ్లు ఫోను చాపుతారు, అది గీతలు చదువుతుంది,
పచ్చగా వెలిగితే లోపలికి,
ఎర్రగా అరిస్తే పక్కకి.
"నువ్వేం ఆలోచించకు అదెలీనో,
ఆలోచన దాని పని" అన్నారు.
సరే అన్నాను. రోజుకింత అని ఇస్తున్నారు మరి.

మూడు రోజులు, అరవై వేల మంది.
మా ఊరి ఓట్లు నాలుగొందల పదకొండు.
ఎర్మెలిందా రొట్టెల పొయ్యి రాత్రిళ్లు కూడా ఆరడం లేదు.
జనరేటర్లు, నీళ్ల ట్యాంకర్లు, ఊదారంగు జుట్లు,
ఎండలో వరుసకట్టిన నీలం మరుగుదొడ్లు
గుంజిళ్లు తీయించడానికి నిలబెట్టిన పిల్లల్లా.

చెట్ల మీద అంకెలు చూసి
సీటు నంబర్లనుకుంటారు.
ఓ జంట తొమ్మిది కోసం కొండంతా తిరిగి
చివరికి దొరికిందని ముద్దు పెట్టుకుంది.
ఎంతమందికని చెప్పను?
ఎనిమిదంటే పద్దెనిమిదిలో బెరడు ఒలిచామని,
తొమ్మిదేళ్లు దాని జోలికి ఎవరూ పోకూడదని,
ఒలిచిన మొదటి వారం
మాను పచ్చి పుండులా ఉంటుందని.

రెండో సాయంత్రం ఆ పిల్ల వచ్చింది.
సైమి. ఉత్తరాన, మంచు దేశం.
చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పదకొండు వారాలు
రాత్రి పని చేసి కొన్నదట టికెట్టు,
ముఖం తెలియని ఎవడి దగ్గరో.
యంత్రం ఎర్రగా అరిచింది.
తుడిచి చూపించింది. మళ్లీ ఎరుపే.
తెర మీద చిన్న అక్షరాలు:
ఈ టికెట్టు నాలుగూ పదికి లోపలికి వెళ్లిపోయింది.
అంటే, తల్లీ,
యంత్రం లెక్కన నువ్వు లోపలే ఉన్నావు.

ఏడవలేదు. సంచీ మీద కూర్చుంది.
వెనకాల వాళ్లని పంపించాను, పచ్చ, పచ్చ, పచ్చ.
ఎక్కడో పెద్ద వేదిక మీద డప్పు మొదలైంది.

జనం పలచబడ్డాక
సగం స్పానిష్‌తో, సగం చేతులతో
కంచె పక్క చెట్టు దగ్గరికి పిలిచాను.
చెవి పెట్టు అన్నాను.
పెట్టింది. ఏమీ లేదని తల ఊపింది.
ఉండదు. బెరడున్న చెట్టుకి చెవుడు.
బిరడా శబ్దాన్ని మింగేస్తుంది,
పాటలు రికార్డు చేసే గదుల గోడలకి
మా కొండనే ముక్కలు చేసి అతికిస్తారు.
ఇప్పుడిది, అన్నాను,
మొన్న నేనే ఒలిచిన ఎర్రటి మాను చూపిస్తూ.

చాలాసేపు లేవలేదు.
ఆమె చెంప మీద తేనె రంగు మరక.
"వినిపిస్తోందా?"
నోటి మీద వేలు పెట్టింది, నన్ను కసురుతున్నట్టు.

నాకేమైందో తెలియదు. వయసు అనుకోండి.
గుడిసెలోంచి రంగు డబ్బా, కుంచె తెచ్చి
ఆమె మణికట్టు మీద
ఈ ఏటి అంకె వేశాను: ఐదు.
పొమ్మన్నాను, లోపలి గేటు వైపు.

అక్కడి కాపలావాడి దగ్గర ఓ పట్టీ ఉంది:
పసుపు గుడారాల వాళ్లకి, నీలం ఒక్క రోజుకి,
నలుపు వాద్యగాళ్లకి.
తెలుపు గురించి వాడికెవరూ చెప్పలేదు.
అంకెను చూశాడు, ఆమె నడకను చూశాడు,
ఎవరో పెద్దవాళ్ల మనిషి అయ్యుంటుందని
దారిచ్చాడు.

పొద్దున యంత్రంలో లెక్క అప్పగిస్తే
ఎక్కడా ఒక్క అంకె తేడా రాలేదు.

ఒకటే మరిచాను చెప్పడం:
ఆ రంగు సబ్బుకి పోదు.
మానుకి వేసేది కదా,
వానలకీ ఎండలకీ తట్టుకోవాలి.