గది నంబరు పద్నాలుగు

తెల్లారి ఐదింటికి గికొంబా బజారులో
బేళ్ళ నడుములకి బిగించిన ఇనప పట్టీలు తెగుతాయి.
ఠంగుమని ఒక్క చప్పుడు. తర్వాత నిట్టూర్పు.
నెలల తరబడి ఊపిరి బిగబట్టిన గుడ్డలు
ఒక్కసారిగా పొంగుతాయి.
మొదటి పది నిమిషాలు నాలాంటివాళ్ళవి కావు.
ఏరి తీసిన మేలురకాన్ని ఇక్కడ కెమెరా అంటారు,
ఎందుకంటారో అడిగితే నవ్వుతారు.
అవి అద్దాల కొట్లకి వెళ్ళిపోయాక
మోకాళ్ళ మీద కూర్చుని కుప్పలో చేతులు పెడతాను.

నా దగ్గర నాలుగొందల షిల్లింగులు,
అందులో యాభై మటాటు ఛార్జీకి.
సోమవారం ఎనిమిదింటికి
కంటాసుపత్రి రిసెప్షన్‌లో మొదటి ఉద్యోగం.
నలియాక అనే పేరుకంటే ముందు
నా కాలరు కనపడుతుంది వాళ్ళకి.

పాలిస్టరు వేళ్ళ మధ్య జారిపోతుంది, మాట తప్పే మనిషిలా.
నూలు ఆగుతుంది.
ఉన్ని కాస్త గరగరలాడి, నన్నెందుకు లేపావంటుంది.
చంకల కింద చూడు. జిప్పు మూడుసార్లు లాగు.
కుట్టుకి రెండు పక్కలా పట్టి సాగదీస్తే
వెలుతురు కనపడిందా, వదిలెయ్.
ఇదంతా నేర్పింది పక్క కుప్ప ఒగొల్లా,
అదీ తన దగ్గర కొనకుండా పోతున్నానని తిడుతూ.

బూడిదరంగు కోటు. ఎవరిదో వెడల్పాటి వీపు.
మూడొందలన్నాడు, నూట యాభై అన్నాను.
"మాల్‌కి పోయి కొత్తది కొనుక్కో,
ఆ వింత రెండు వానలదాకా" అన్నాడు.
రెండొందలకి తెగింది.

ఇంటికొచ్చి విదిలిస్తే
మెడ లోపల తెల్ల పట్టీ, ఎర్రదారం అక్షరాలు:
ఇ. లిండ్‌క్విస్ట్. గది 14.

బట్టల మీద పేరెప్పుడు కుడతారు?
హాస్టలు పిల్లలకి, ఖైదీలకి,
ఇది నాదని చెప్పడం మర్చిపోయినవాళ్ళకి.
జేబులో ఒక పిప్పరమెంటు కాగితం,
మడిచి, మళ్ళీ మడిచి, గోరంత.
చాలాసేపు ఎవరికోసమో చూసిన వేళ్ళు.

కాలేజీ గోడకి మకేనా పోస్టరంటించింది:
పాతవే తొడుగుదాం, భూమిని కాపాడుదాం.
మంచిమాటే. నాకు నవ్వొచ్చింది.
మేం ముగ్గురక్కచెల్లెళ్ళం ఒక్క స్వెట్టరుని
పొడుగు వరసన దిగుతూ తొడిగినన్నేళ్ళూ
భూమిని కాపాడుతున్నామని ఒక్కరూ చెప్పలేదు.
చెప్పుంటే బళ్ళో కాస్త మెడెత్తుకు తిరిగేదాన్ని.
మకేనాకి ఇంకోటి కూడా చెప్పాలి.
బేలు అడుగున చెత్త కూడా వస్తుంది,
డబ్బు కట్టించుకునే వస్తుంది.
సాయంత్రానికి నైరోబీ నదిలో
మనుషుల్లేని చొక్కాచేతులు తేలతాయి,
వంతెన కింద దేన్నో పట్టుకోబోతున్నట్టు.
నా ఒక్క కోటుతో ఆ నీళ్ళు తేటపడవు.
అయినా సోమవారం చలిగానే ఉంటుంది.

ముటీస్యా మిషను దగ్గర
భుజాలు విప్పి రెండేసి వేళ్ళు లోపలికి జరిపాడు,
మోచేతి దగ్గర పలచబడ్డ చోట మాసిక వేశాడు,
మిగిలిన పీలికతో లోపల చిన్న జేబు పెట్టాడు.
ఎనభై. ఇక నాకు డెబ్భై ఉంది, సబ్బుకీ చిక్కుళ్ళకీ.
కత్తెర మొన తెల్ల పట్టీ మీద ఆనించి
"తీసెయ్యనా?" అన్నాడు.

కాగితాన్ని అంత చిన్నగా మడిచిన మనిషి
ముసలమ్మో ముసలాయనో కూడా తెలీదు నాకు.
"ఉండనీ" అన్నాను.
"గుచ్చుకుంటుంది."

గుచ్చుకుంటోంది.
సోమవారం, ఎనిమిదిన్నర.
కళ్ళకి గంతలతో ఒక పెద్దాయన
కౌంటరు అంచు తడుముతూ వచ్చి
డాక్టరుగారి గది ఎటమ్మా అన్నాడు.
నేరుగా వెళ్ళి ఎడమకి, అనబోయి లేచాను.
నా చెయ్యి పట్టుకున్నాడు, సరిగ్గా ఆ మాసిక మీద.
వేలితో ఒకసారి రాసి చూశాడు.
"మంచి ఉన్ని" అన్నాడు. "ఎవరిది?"

నాదేనన్నాను.
మెల్లగా నడిచాం.