పదిహేను వాట్లు

ఎక్సెల్ బండి ముంగటి జాగకు టేపు పెట్టి కొలిచిన.
పద్దెనిమిది అంగుళాలు. మోకాళ్లకు రెండు తీసెయ్యాలె.
నాకు తెలిసిన మొదటి నియమం గదే:
బండి మీద పట్టని సప్పుడు మనది కాదు.

నయీంనగర్‌ల టిఫిన్ సెంటర్ పైన గది,
ఇరవై రెండు మెట్లు, ముప్పై ఆరు కుర్చీలు,
వాటిల్ల నాలుగు కుంటివి.
శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు మేం ముగ్గురం.
రైల్వే ఇన్‌స్టిట్యూట్ స్టోర్ల చెదలు పడుతుంటే తెచ్చుకున్న
నిలువెత్తు బాసు డెంజిల్ అంకుల్‌ది;
గార్డుగ పచ్చజెండా ఊపిన చెయ్యి
ఇప్పుడు తీగల చెంపలు వాయిస్తది.
మొగిలికి ఒక్కటే డ్రమ్ము, నిలబడే కొడ్తడు,
పుల్లలు మారినా లోపల డప్పు చేతులే.
నేను పగలు లోకోషెడ్డుల ఫిట్టర్ని.

పోయిన నెల కిరాయికి తెచ్చినం, వంద వాట్లది.
గుండీ ఒకటి దాటనే లేదు,
అద్దాల షోకేసుల మైసూర్‌పాకులు జరిగినయి,
పక్కింట్ల పసిపోరడు లేసిండు,
మొదటి వరుస ముసలాయన
చెవిమిషన్ తీసి జేబుల ఏసుకున్నడు.
ఇంత చేసీ ఆ పెట్టెకు చెమట పట్టలే.
చెమట పట్టందే రాకబిల్లీ రాదు.
పందెపు ఎద్దును పడకటింట్ల తిప్పినట్టయింది కథ.

ఇయ్యాల హన్మకొండ చౌరస్తా వెనుక
యాకూబ్ దుకాణం.
మొదటిది తేలిక, చౌక.
దాని సప్పుడు ఇస్త్రీ అంగీ లెక్క:
మడత లేదు, లోపల మనిషీ లేడు.
రెండోదానికి తెర ఉన్నది,
ఒక గుండీ తిప్పితే గుహ, ఇంకోటి తిప్పితే సముద్రం.
నాకు సముద్రమెందుకు భాయ్,
నేనడిగేది ఒక్క మారుపలుకు.
స్వరం ఎనుకనే అదే స్వరం, ఒక్కసారి,
మల్ల రావద్దు.
పట్టా అతుకు మీద బోగీ చక్రాలు దాటినట్టు
ధడక్,
ధడక్.
నడుమ ఎంత సందుండాల్నో
కాజీపేటల పుట్టినోనికి గడియారం చెప్పక్కర్లేదు.

యాకూబ్ అటక మీదికెల్లి మూడోది దింపిండు.
ముంగటి గుడ్డ చినిగింది, పిడి లేదు,
వెనుక నాలుగు వాల్వులు, బూజు.
స్విచ్చేస్తే వెంటనే పలకదు,
లేసి మొఖం కడుక్కునేంత సేపు తీస్కుంటది;
కాలిన దుమ్ము వాసన,
ఆ తర్వాత సన్నగ నారింజ రంగు.
మెల్లగ మీటితే మర్యాదస్తురాలు.
గట్టిగ గుంజితే
పొద్దంత కూరగాయలమ్మి గొంతు పోయినామె
రెండు రూపాల చిల్లరకు కొట్లాడుతున్నట్టు.
ఆ జీర.
ఆ జీర కోసమే ఆరేండ్లు తిరిగిన.

"పదిహేనే వాట్లన్నా," అన్నడు యాకూబ్, సిగ్గుపడి.
ధర చెప్పేటప్పుడు మాత్రం సిగ్గు పడలే.
రెండు నెలల ఓవర్‌టైం, ఇంకా జర.

డెంజిల్ అంకుల్ పెట్టె దిక్కు చూడనే లేదు.
"నువ్వు ఆపకు" అని రోడ్డు దాటి
చెరుకురసం బండి కాడ నిలబడ్డడు.
గ్లాసు తాగిండు. ఇంకో గ్లాసు.
మూతి తుడుచుకుంట వచ్చి అన్నడు:
"మిషన్ గజ్జెలు ఇనొచ్చినయి.
నిమ్మకాయ పిండాల్నా అని వాడు అడిగింది ఇనొచ్చింది.
రెండోసారి తిప్పినప్పుడు
నువ్వు తప్పు తీగ కొట్టింది గూడ ఇనొచ్చింది.
తీస్కో."

ఇప్పుడు మోకాళ్ల నడుమ పెట్టె, వీపున గిటారు,
కాజీపేట బ్రిడ్జి ఎక్కుతున్న.
లెక్క తప్పింది, ఎడమ మోకాలు బయటికే.
కింద గూడ్స్ బండి పోతున్నది.
గుంతల పడ్డప్పుడల్లా లోపలి స్ప్రింగు
కరెంటు లేకుండనే గల్లుమంటున్నది.
మంచి రోడ్డు ఇడిసిపెట్టి
గుంతలు ఎతుక్కుంట పోతున్న.