ఏ మనోళ్లు?

అపాయింట్‌మెంట్ కాయితంల
క్వార్టర్ నంబరుంది, జాయినయ్యే తారీఖుంది.
సాయంత్రం అయిదింటికి
ఎవరి దిక్కు నిలబడి అరవాల్నో
అది మాత్రం రాసి లేదు.

మందమర్రిల ఆ సంగతి ఎవరూ చెప్పే పని లేకుండె.
సైరన్ కూసినంక
బాయి దిగినోళ్లు పైకొచ్చి
మొఖాలు సగమే కడుక్కొని గ్రౌండుకొచ్చేటోళ్లు.
కండ్ల చుట్టూ కాటుకలెక్క బొగ్గు.
గోల్‌పోస్టులు బాయిలకెల్లి తెచ్చిన దిమ్మెలు.
ఏండ్లకేండ్లు కప్పు మోసిన దిమ్మెలే,
మాకు ఒక్క కప్పూ తెచ్చియ్యలే.

మా ఓదెలన్న గోల్‌కీపర్.
నాలుగో ఇంక్లైన్ టీం.
గెలిచినా మనోళ్లే, తన్నుకున్నా మనోళ్లే.
టీంను ఎంచుకునుడనేది ఒకటుంటదని
నాకు తెల్వది.
పుట్టుమచ్చను ఎవరన్న ఎంచుకుంటరా?

కాజీపేట వచ్చిన.
బుకింగ్ కౌంటర్ల అద్దం వెనక కూసున్న.
పగలంతా ఊర్ల పేర్లే,
డోర్నకల్, ఉప్పల్, జమ్మికుంట.
మందమర్రి టికెట్ అడిగినోళ్లకు
చిల్లర ఒక్కటికి రెండుసార్లు లెక్కవెట్టి ఇచ్చేదాన్ని,
ఇంకింత సేపు నిలబడుతరని.

రైల్వే గ్రౌండుకు మొదటిసారి
ఆట కోసం పోలే.
క్వార్టర్ గోడలు ఉడికిపోతుంటె గాలి కోసం పోయిన.
షెడ్డు పోరగాండ్లు ఆడుతుండ్రు.
నీలం జెర్సీలు, ఉతికి ఉతికి
మబ్బు రంగుకొచ్చినయ్.
బాలు పట్టాలు దాటిపోయింది.
తెచ్చే లోపల గూడ్సు అడ్డమొచ్చింది.
ఇరవై రెండు మంది
నడుముల మీద చేతులు వెట్టుకొని
బ్రేక్‌వాన్ దాకా డబ్బాలు లెక్కవెట్టిండ్రు.
యాభై ఎనిమిది.
వాటిల ఉన్నది మా బొగ్గు.
నేను ఎవరికీ చెప్పలే.

ఆ సీజనంతా చేతులు కట్టుకునే నిలబడ్డ.
చప్పట్లు కొడ్తే
ఇంట్ల అన్నం ఉండంగ
పక్కింట్ల విస్తరేసుకున్నట్టు అనిపించేది.
ఆరోగ్యం మాస్టరు, రిటైరైన గార్డు,
మెడల ఇంక గార్డు విజిలే,
"ఏమ్మా, మా టీం ఎట్లుంది?" అని అడిగేటోడు.
"మీ టీం మంచిగనే ఉంది" అనేదాన్ని.
మధ్యల గూడ్సుబండంత జాగ.

వాళ్లు గెలిస్తే అంటుకునేదాన్ని కాదేమో.
ఓడిండ్రు. కాలేజోళ్ల చేతుల
ఆరు గోల్స్ తిన్నరు.
ఆరోది పడ్డంక
పదహారేండ్ల యాకూబ్, లెఫ్ట్ వింగ్,
బాలును వలలకెల్లి తీసి
చంకల వెట్టుకొని సెంటర్ దాకా ఉరికిండు
ఇంకా శానా టైమున్నట్టు.
రెండు నిమిషాలు కూడ లేకుండె.
నా నోట్లె రెండు వేళ్లు ఎప్పుడు పోయినయో,
మందమర్రి ఈల
కాజీపేట గాలిల ఎట్ల మోగిందో.
మాస్టరు వెనక్కి తిరిగి చూసిండు.

రాత్రి అన్నకు ఫోన్ చేసిన.
"ఇయ్యాల మనోళ్లు ఆరు తిన్నరన్నా."
అవుతల సప్పుడు లేదు.
"ఇయ్యాల మాకు ఆటనే లేదు గద పిల్లా,
ఏ మనోళ్లు?"

"మా" అంటే వినేటోడు బయట.
"మన" అంటే వినేటోడు లోపల.
ఈ రెండక్షరాల తలుపుకు
గొళ్లెం ఏ దిక్కుంటదో
ఇరవై తొమ్మిదేండ్లొచ్చినా చూడలే.

దసరాకు ముందు
నాలుగో ఇంక్లైన్ కాజీపేటకొచ్చింది.
అన్న గోల్ వెనక పోయి నిలబడ్డ.
వీపు మీద అదే చిరుగు, నేను కుట్టిందే.
హాఫ్‌టైమైంది. టీములు దిక్కులు మార్చుకున్నయ్.
నేను కదలలే.
యాకూబ్ అవుతలి కొసకు ఉరుకుతుండు,
అక్కడ చిన్నగ, చేతులు చాపి, మా అన్న.
కొట్టుమని అరిచిన. ఆపుమని అరిచిన.
ఉన్నదొక్క గొంతాయె.

ఆట అయినంక గ్లవ్స్ ఇప్పుకుంట వచ్చిండు.
"నిజం చెప్పు, ఎవరి దిక్కు?"
నోరు తెరిచిన. గాలి తప్ప ఏం రాలే.
"సరె తియ్యి" అన్నడు,
"మీ కాడ చాయ్ యాడ మంచిగుంటది?"

మీ కాడ.

నేను ముందు నడిచిన.